గుజ్జు అరిగిందన్నారు, మరి షటిల్ సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 48. ఎం.వి.పి. కాలనీలో ఉంటాను. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 86 కిలోలు. పాతికేళ్ళుగా పొద్దున్నే షటిల్ ఆడడం అలవాటు. కుడిచేతి వాటం. ఐదేళ్ళ క్రితం కుడి మోకాలిలో మెనిస్కస్ చిరిగితే కీహోల్ ఆపరేషన్ చేసి కొంత ముక్క తీసేశారు. ఏడాదిగా ఆడిన మర్నాడు వాపు వస్తోంది, మెట్లు దిగుతుంటే లోపలివైపు పోటు. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు గ్రేడ్ 3 ఆర్థరైటిస్ అనీ, గుజ్జు అరిగిందనీ చెప్పి ఆటలు మానేయమన్నారు. రెండు నెలలు మానేశాను. నొప్పి పెద్దగా తగ్గలేదు సరికదా నాలుగు కిలోలు పెరిగాను, కాల్లో సత్తువ పోయినట్టుంది. గోపీచంద్ మోకాలి ఆపరేషన్ తర్వాతే ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు కదా అంటారు మా గ్రూపు వాళ్ళు. క్యాప్ వేసుకుని ఆడొచ్చా? సైకిల్, ఈత మంచివేనా? మాత్రలు, ఇంజెక్షన్లు పనిచేస్తాయా? ఏటా చేసే సింహాచలం గిరి ప్రదక్షిణ ఈసారి వదులుకోవాల్సిందేనా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ముందు అసలు సంగతి చెప్పేస్తాం. మీరు వివరించిన మోకాలితో వారానికి రెండు రోజులు డబుల్స్ ఆడడం చాలామందికి సాధ్యమే. కాకపోతే ఇప్పటికిప్పుడు కాదు. మూడు నెలలు కాలికి బలం పెంచాకే రాకెట్ పట్టాలి. సింగిల్స్, జంప్ స్మాష్ మాత్రం మరిచిపోండి. వాటి విషయంలో బేరాల్లేవు.

గోపీచంద్ ఉదాహరణ మీకు అతకదు. 1994లో ఆయనకు తెగింది లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టుకునే పట్టీ. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. తెగిన లిగమెంటును సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. అరిగిన గుజ్జును మళ్ళీ మొదట్లా చేసే ఆపరేషన్ మీ వయసుకి, మీ దశకి లేదు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది సైనా నెహ్వాల్. మోకాలి ఆర్థరైటిస్ సంగతి ఆమె 2024లో బయటపెట్టింది. అయితే ఆమె స్థాయిలో ఆడాలంటే రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు సాధన చేయాలి, మోకాలు దానికి ఒప్పుకోలేదు. మీకు కావాల్సింది పొద్దున ఓ గంట. ఆ తేడా వల్లే మీకు దారి ఉంది.

డాక్టరుగారు ‘ఆటలు మానేయండి’ అన్నప్పుడు గెంతడం, గిర్రున తిరగడం, ఒక్కసారిగా ఆగడం మానమని చెప్పి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఏ కదలిక వద్దో ఒక్కొక్కటిగా అడగండి. ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా అన్నదీ చూసుకోండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అరుగుదల ఎంతుందో చెప్పే గ్రేడ్ అంకెను చూసి మాత్రం బెంబేలెత్తకండి. గ్రేడ్ 3తో హాయిగా నడిచేవాళ్ళూ ఉంటారు, గ్రేడ్ 2తో మెట్లెక్కలేనివాళ్ళూ ఉంటారు. తొడ కండరం బలం, బరువు, మోకాల్లో నీరు, ఈ మూడూ నొప్పి మీద బాగా ప్రభావం చూపిస్తాయి. మూడూ కొంతవరకు మీ చేతిలో ఉన్నవే.

మీ మోకాలికి ఈ వాపు ఎందుకొస్తోందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మెనిస్కస్ అంటే తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య బరువును పరిచి పంచే మెత్త. కొంత ముక్క తీసేసరికి అదే బరువు తక్కువ చోట పడుతోంది. ఆ చోట గుజ్జు అరుగుతోంది, రేణువులు రాలుతున్నాయి, కీలు లోపలి పొర రేగి నీరు ఊరిస్తోంది. ఆ నీరు చేరగానే మరో నష్టం మొదలవుతుంది. 20, 30 మిల్లీలీటర్ల నీరు చాలు, తొడ ముందు కండరంలో లోపలి భాగం సరిగా బిగుసుకోదు. కండరం పట్టు వదిలితే దెబ్బలన్నీ నేరుగా కీలు మీదే. వాపుతో ఆడడం తప్పు అనేది అందుకే. ‘నొప్పి లేదు కదా, కాస్త ఉబ్బింది అంతే’ అని కోర్టులోకి దిగేవాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు.

నీరు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. మంచం మీద కాలు చాపి, తొడను పూర్తిగా వదులు చేయండి. మోకాలి చిప్పకి లోపలివైపు ఉండే చిన్న పల్లం నుంచి తొడవైపుకి అరచేత్తో రెండు మూడుసార్లు నిమరండి. వెంటనే చిప్ప బయటివైపు పైనుంచి కిందికి ఒకసారి నిమురుతూ ఆ లోపలి పల్లాన్నే చూడండి. అక్కడ చర్మం మెల్లగా ఉబ్బి పల్లం నిండితే నీరున్నట్టు. పైకి తోసిన నీరు బయటివైపు నిమరకముందే తనంతట తాను వెనక్కి వచ్చేస్తే ఎక్కువగానే ఉన్నట్టు. ఆ రోజు ఆటా లేదు, బరువు వ్యాయామమూ లేదు. పొద్దున లేవగానే, మంచం దిగకముందే చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఎడమ మోకాలికీ ఒకసారి చేసి చూస్తే తేడా చేతికి తెలుస్తుంది.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. వ్యాయామంలో రెండు దాకా అయితే నిశ్చింతగా సాగించండి. మూడు నుంచి ఐదు వస్తే చేయొచ్చు, కానీ ఆ వారం బరువు గానీ సంఖ్య గానీ పెంచకండి. ఐదు దాటితే అక్కడే ఆపండి. అంతకన్నా ముఖ్యం మర్నాటి పొద్దుట లెక్క. నిన్న మొదలుపెట్టకముందు ఎంత ఉందో అంతకు దిగి ఉండాలి. దిగకపోతే నిన్న చేసినదానిలో మూడోవంతు తగ్గించండి. పూర్తిగా మానకండి. వారం మానేసి, బాగుంది కదాని మళ్ళీ పాత మోతాదులోనే దిగడం మేం తరచూ చూసే పొరపాటు.

ఇక బలం సంగతి. ముందు తొడ కొలుచుకోండి. చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి టేపుతో చుట్టుకొలత తీయండి, రెండు కాళ్ళకీ. రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే కుడి కాలు చాలాకాలంగా పని ఎగ్గొడుతోందని అర్థం. ఆపరేషన్ అయినవాళ్ళలో ఇది మామూలే.

మొదటి రెండు వారాలు వాపు దించే పని. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి ఆరు సెకన్లు ఉంచండి. అలా 15 సార్లు, రోజుకి మూడు పూటలు. వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా అడుగెత్తు లేపి దించడం 10 చొప్పున మూడు విడతలు. మోకాలు కొంచెమైనా వంగకుండా లేపగలిగితేనే లెక్క. వంగుతుంటే టవల్ వ్యాయామమే ఇంకో వారం చేయండి. వాపున్న రోజు గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు.

మూడో వారం నుంచి అసలు వ్యాయామం, వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు.

గోడకుర్చీ తెలియని తెలుగువాడు ఉండడు, బళ్ళో అందరం వేసినవాళ్ళమే. మీరు అంత కిందికి దిగొద్దు. వీపు గోడకి ఆనించి, పాదాలు ఒకటిన్నర అడుగులు ముందుకి పెట్టి, మోకాలు సుమారు 45 నుంచి 60 డిగ్రీలు వంగేదాకానే జారండి. 30 సెకన్లతో మొదలుపెట్టి 45 దాకా పెంచండి, ఐదు సార్లు, మధ్యలో నిమిషం విరామం. కీలు కదలకుండా కండరం మీద బరువు పడుతుంది కాబట్టి నొప్పి ఉన్నవాళ్ళకి మొదటి మెట్టుగా ఇది బాగుంటుంది. చాలామందికి దీని తర్వాత ఓ గంటసేపు నొప్పి కాస్త నెమ్మదిస్తుంది కూడా.

రెండోది కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం. 18 అంగుళాల ఎత్తున్న డైనింగ్ కుర్చీ మీద మొదట రెండు దిండ్లు వేసుకోండి. లేవడానికి ఒక సెకను, కూర్చోవడానికి మూడు సెకన్లు. పది చొప్పున మూడు విడతలు. సులువైతే ఒక దిండు, తర్వాత రెండోదీ తీసేయండి. ఆ తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి గుండెకి హత్తుకుని చేయండి. ఏ విడతలోనైనా చివరి రెండూ కష్టమనిపించాలి. అలా అనిపించకపోతే బలం పెరగదు, కాలక్షేపం అవుతుంది.

ఇక్కడే ఒక దొంగతనం జరుగుతుంది. మీకు తెలియకుండానే లేచేటప్పుడు బరువంతా ఎడమ కాలి మీద వేస్తారు. ముప్ఫై చేసినా కుడి తొడకి దక్కేది అంతంతమాత్రం. పట్టుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. బరువు చూసుకునే మిషన్లు రెండు సంపాదించండి, ఒకటి పక్కింటి వాళ్ళనడిగినా సరే. ఒక్కో పాదం కింద ఒకటి పెట్టి లేవండి, ఇంట్లో ఎవరినైనా అంకెలు చదవమనండి, లేదా ఫోన్‌తో వీడియో తీయండి. నిలబడ్డాక మీ 86 కిలోలు చెరి 43 దగ్గర ఉండాలి. లేచే మధ్యలో కుడివైపు 30, 32 చూపిస్తుంటే పట్టుబడ్డట్టే. అప్పుడు ఎడమ పాదాన్ని ఓ జానెడు ముందుకు జరిపి లేవండి. పని కుడి కాలికి తప్పకుండా వెళ్తుంది. రెండు వారాలకోసారి ఈ పరీక్ష చేయండి.

మూడోది మెట్టు దిగడం. షటిల్‌కి అన్నిటికన్నా దగ్గరి వ్యాయామం ఇదే. నాలుగు అంగుళాల పీట మీద కుడి కాలితో నిలబడి, ఎడమ మడమ నేలను ఊరికే తాకేదాకా మూడు సెకన్లలో దిగి మళ్ళీ లేవాలి. ఎనిమిదితో మొదలుపెట్టి పదిహేను దాకా, మూడు విడతలు. తర్వాత ఆరు అంగుళాల ఎత్తు. అద్దం ముందు చేయండి. కుడి మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలుతుంటే తుంటి కండరం బలహీనంగా ఉందన్నమాట. అలా తూలి మెలిపడితే కోర్టులో దిగే ప్రతి అడుగూ మోకాలిని రేపుతుంది. దీనికి పక్కకి పడుకుని, కాలి వేళ్ళు కాస్త కిందికి తిప్పి, కాలు లేపడం 15 చొప్పున మూడు విడతలు కలపండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు వంచి నడుము లేపి మూడు సెకన్లు ఉంచడం ఇంకో మూడు విడతలు. పిక్కకి ఒంటికాలి మీద మడమ లేపడం, గోడ పట్టుకోవచ్చు, 20 దాకా చేరాలి.

జిమ్‌కి వెళ్తే పాదాలతో బరువును తోసే లెగ్ ప్రెస్ మీకు మంచిది, మోకాలు 60 డిగ్రీలకు మించి వంగకుండా. కూర్చుని కాలితో బరువును లేపే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో కాలు పూర్తిగా చాపే చివరి భాగంలో చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. చిప్ప వెనక నొప్పి వస్తే ఆ భాగం వదిలేయండి. గుంజీలు, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని గంటలకొద్దీ కూర్చోవడం ఇప్పట్లో వద్దు.

మూడు వారాలకల్లా నొప్పి కొంత తగ్గుతుంది, సగంమంది అక్కడే మానేసి కోర్టుకెళ్ళిపోతారు. అప్పటికి మెరుగుపడింది కండరానికి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ మాత్రమే. కండరం నిజంగా గట్టిపడాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

కోర్టులోకి దిగే ముందు మేం చూసేవి: వరసగా రెండు వారాలు పొద్దుటి పరీక్షలో నీరు లేకపోవడం, కుడి మోకాలు ఎడమదానిలాగే పూర్తిగా చాపగలగడం, 18 అంగుళాల కుర్చీలోంచి కుడి కాలితోనే ఎనిమిది సార్లు తూలకుండా లేవడం, ఆరంగుళాల మెట్టు పదిహేను సార్లు దిగడం, అరగంట చురుగ్గా నడిచాక మర్నాడు ఫిర్యాదు లేకపోవడం. ఇందులో ఒక్కటి తప్పినా ఇంకో రెండు వారాలు ఆగండి. టోర్నమెంట్ ఉందనో, గ్రూపులో నాలుగో మనిషి తక్కువయ్యాడనో ముందే దిగొద్దు.

దిగాక మొదటి రెండు వారాలు మ్యాచ్ లేదు. సగం కోర్టులో ఎదురుబొదురుగా క్లియర్లు (ఎత్తుగా వెనక్కి కొట్టేవి), డ్రైవ్‌లు (నెట్ మీదుగా అడ్డంగా కొట్టేవి), 20 నిమిషాలు. వారానికి రెండు రోజులు, మధ్య కనీసం 48 గంటలు. మూడు, నాలుగు వారాల్లో అదే సగం కోర్టులో ముందుకీ వెనక్కీ కదులుతూ. ఐదో వారం డబుల్స్ ఒక గేమ్. అంతా బాగుంటే ఏడో వారం రెండు గేములు. మూడో గేముకి ఎంత బతిమాలినా బయటికి వచ్చేయండి. అలసిన తొడ దెబ్బను ఆపలేదు, చిక్కులన్నీ ఆ చివరి పావుగంటలోనే వస్తాయి.

మీది కుడిచేతి వాటం, చెడింది కుడి మోకాలు. అంటే నెట్ దగ్గర పడే ప్రతి డ్రాప్‌కీ మీరు వేసే పెద్ద అంగ ఆ కాలి మీదే. కాబట్టి అంగ వేసే తీరు మార్చాలి. చివరి పెద్ద అంగకు ముందు ఒక చిన్న అడుగు ఎక్కువ వేయండి, అంగ మూడోవంతు తగ్గుతుంది. మడమ ముందు తాకాలి, పాదం, మోకాలు రెండూ కాక్ వైపే చూడాలి. పాదం ఒకవైపు, మోకాలు ఇంకోవైపు ఉన్నప్పుడే మెలి పడుతుంది. వెనక కాలిని నేల మీద కాస్త ఈడ్చుకుంటూ రానివ్వండి, బరువులో కొంత అది మోస్తుంది. రాకెట్ చేతిని ముందే ఎత్తి ఉంచితే కాక్ ఎత్తుగా ఉన్నప్పుడే అందుతుంది, వంగే పని తగ్గుతుంది. వెనక్కి వెళ్ళిన కాక్‌ను ఎగిరి కొట్టకుండా క్లియరో డ్రాపో వేయండి. అందనిది వదిలేయండి. పాతికేళ్ళ అలవాటుకి ఈ చివరిదే కష్టం.

డబుల్స్‌లో వెనక ఆడేవాడు ఎగురుతాడు, ముందు ఆడేవాడు అంగలు వేస్తాడు. మీకు ముందే మేలు, పొట్టి అంగలు నేర్చుకుంటే. భాగస్వామికి ఈ సంగతి ఆటకు ముందే చెప్పేయండి.

నేల విషయం చిన్నది కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, మేడల మీద గీతలు గీసిన సిమెంటు కోర్టుల్లో ఆడకండి. సిమెంటు దెబ్బను మింగదు, పైగా గమ్ సోల్ దానికి అతుక్కుని పాదం ఆగిపోతుంది, శరీరం తిరుగుతుంది, మధ్యలో నలిగేది మోకాలు. చెక్క నేల గానీ, చెక్క మీద పరిచిన సింథటిక్ మ్యాట్ గానీ ఉన్న ఇండోర్ హాలు చూసుకోండి. మన ఊరి తేమకి పొద్దున్నే మ్యాట్ చెమర్చి జారుతుంటుంది, ఆడేముందు పొడిగుడ్డతో తుడిపించండి. బూట్లు నాన్ మార్కింగ్ షటిల్ బూట్లే. రన్నింగ్ బూట్లకి మడమ ఎత్తు, పక్కకి కదిలితే తూలుతాయి. షటిల్ బూట్లను బయట రోడ్డు మీద వాడకండి, అరికాలి గీతలు నున్నబడగానే మార్చేయండి. ఆడేముందు పది నిమిషాలు వేడెక్కాలి, నడక, మడమలు లేపడం, కుర్చీ లేవడం పదిసార్లు, పొట్టి అంగలు, తర్వాతే కాక్. పొద్దున లేవగానే బిగుసుకుపోయిన కీలు సాధారణంగా అరగంట లోపే సడలుతుంది. గంటైనా సడలకపోతే, చేతివేళ్ళ కీళ్ళు కూడా నొప్పులుంటే, అది మామూలు అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాతం చూసే రుమటాలజిస్టుకి చూపించండి.

షటిల్ లేని రోజుల్లో సైకిల్ మీకు మంచి నేస్తం, సీటు ఎత్తు సరిగ్గా ఉంటేనే. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. సీటు తక్కువైతే చిప్ప ముందు నొప్పి, ఎక్కువైతే మోకాలి వెనక లాగుడు. అద్దె సైకిళ్ళలో సీటు ఎప్పుడూ తక్కువే ఉంటుంది, ఎక్కేముందు సరిచేసుకోండి. గేరు తేలిగ్గా ఉంచి నిమిషానికి 80 దాకా తొక్కండి. బరువు గేరుతో నెమ్మదిగా తొక్కడం మోకాలికి లెగ్ ప్రెస్ లాంటిదే, అదీ వేలసార్లు. పొద్దున్న వాహనాలు ఆపేసే వేళ బీచ్ రోడ్డు చదునుభాగం సరిపోతుంది. 20 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. కైలాసగిరి ఎక్కుడు, సిరిపురం నుంచి బీచ్‌కి దిగే వాలు, ఇవేవీ మొదటి మూడు నెలల్లో వద్దు.

నీళ్ళు అంతకన్నా నయం. నడుము లోతులో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సగానికి, ఛాతీ లోతులో దాదాపు మూడోవంతుకి తగ్గుతుంది. ఈత రాకపోయినా పర్వాలేదు, ఛాతీ లోతులో ముందుకీ వెనక్కీ పక్కలకీ 20 నిమిషాలు నడిస్తే చాలు. ఈత వస్తే ఫ్రీస్టైల్, బ్యాక్ స్ట్రోక్. కప్పలా కాళ్ళు తన్నే బ్రెస్ట్ స్ట్రోక్ మాత్రం మోకాలి లోపలివైపు మెలిపెడుతుంది, మీకు నొప్పి ఉన్నదే అక్కడ. బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ లాంటి ఈతకొలను చూసుకోండి, ఆర్కే బీచ్ అలల్లో దిగే ఆలోచన పెట్టుకోవద్దు. ఇసుకలో నడక మోకాళ్ళకి మెత్తన అని చాలామంది నమ్మకం. మెత్తటి పొడి ఇసుకలో పాదం కుంగి పక్కకి వాలుతుంది, నీటి అంచున తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ ఏటవాలు, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే. నడకకి పక్కనున్న పేవ్‌మెంటే మేలు.

క్యాప్ గురించి అడిగారు. సాగే గుడ్డ క్యాప్ వేడిని నిలుపుతుంది, మోకాలు ఎక్కడుందో మెదడుకి గుర్తుచేస్తుంది, కొందరికి ధైర్యాన్నిస్తుంది. బరువు మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గించదు. ఆడేటప్పుడు వేసుకుని తర్వాత తీసేయండి, మన ఉక్కకి రోజంతా ఉంచితే చెమట పొక్కులే. లోపలివైపు బరువును బయటికి మళ్ళించే కీలు పట్టీ వేరే ఉంటుంది, అన్‌లోడర్ బ్రేస్ అంటారు. కాళ్ళు కొంచెం దొడ్డిగా వంగినవాళ్ళకి ఉపయోగపడుతుంది. తొడ, పిక్క కొలతలు తీసి అమర్చాలి, దాని ఇరుసు చిప్ప మధ్యకి ఎదురుగా ఉండాలి. అంగుళం కిందికి జారితే పని చేయదు. ఆన్‌లైన్‌లో సైజు ఊహించి కొనకండి.

మాత్రల మీద ఎక్కువ రాయం. గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ మాత్ర గుజ్జును తిరిగి పెంచదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు మోకాలి ఆర్థరైటిస్‌కి గ్లూకోసమైన్, పీఆర్పీ ఇంజెక్షన్ (మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్లతో చేసేది) వద్దని గట్టిగానే చెప్పాయి, కీలులోకి ఎక్కించే జెల్ ఇంజెక్షన్‌నూ పెద్దగా ప్రోత్సహించలేదు. అవే మార్గదర్శకాలు వ్యాయామాన్ని, బరువు తగ్గడాన్ని, పైపూత డైక్లోఫెనాక్ జెల్‌ను గట్టిగా సిఫారసు చేశాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపు బాగా ఉన్నప్పుడు కొన్ని వారాల ఊరట ఇస్తుంది. మూడు నెలలకోసారి రెండేళ్ళు వేసి చూసిన 2017 నాటి అధ్యయనంలో గుజ్జు ఇంకా ఎక్కువ అరిగింది, నొప్పిలో లాభం మాత్రం రాలేదు. ఆటకు ముందు నొప్పిమాత్ర వేసుకోవడం వీటన్నిటికన్నా చెడ్డ అలవాటు. మోకాలు చెప్పేది వినపడకుండా చేసుకుని ఆడినట్టే, పైగా కిడ్నీలకీ పొట్టకీ బీపీకీ చేటు.

ఒక్క కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద భారం నాలుగు కిలోల మేర తగ్గుతుంది. మీరు పెరిగిన నాలుగు కిలోలంటే అడుక్కి పదహారు. ముందు అవి దించి, తర్వాత ఇంకో నాలుగు చూసుకోండి. ఆరు నెలలు పట్టినా సరే. గంట డబుల్స్‌కి మీ బరువుకి 400 నుంచి 450 కేలరీలు ఖర్చవుతాయి. ఆట అవగానే అందరూ కలిసి లాగించే మసాలా దోశ, రెండు గారెలు, కాఫీ ఆ లెక్కను దాటేస్తాయి. టిఫిన్ బండి దగ్గర కబుర్లు మానక్కర్లేదు, రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. కండరం పెరగాలంటే ప్రోటీన్ కావాలి, గుడ్డు, పప్పు, పెరుగు, మన రేవులో దొరికే వంజరం, కవళ్ళ వంటి చేపలు ఏవైనా. వేపుడు కాకుండా పులుసు చేయించుకోండి.

గిరి ప్రదక్షిణ. దేవుడి లెక్క మీకూ అప్పన్నకీ మధ్య, మేం మోకాలి లెక్క వరకే చెబుతాం. 32 కిలోమీటర్లంటే 40 వేల పైచిలుకు అడుగులు, చాలామంది చెప్పుల్లేకుండా తారు రోడ్డు మీద. ఆషాఢ పౌర్ణమికి మూడు వారాల ముందు పది కిలోమీటర్లు ఒకే రోజు నడిచి, మర్నాడు నీరు చేరకుండా ఉంటేనే ఆలోచించండి, అదీ కొంత దూరానికే. సింహాచలం కొండ కింద మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతువాక మీదుగా అప్పుఘర్ చేరేసరికి మొత్తంలో సగం కూడా కాదు, కానీ మీ ఇల్లు ఆ పక్కనే. ఈ ఏడాదికి అక్కడ ఆగిపోవచ్చు. మెత్తటి బూట్లు, రెండు చేతికర్రలు, ముప్పావుగంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోవడం. ఒక్క కర్రే ఉంటే ఎడమ చేతిలో పట్టుకోండి, నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో అన్నమాట. సింహాచలం మెట్లు ఎక్కాలనుంటే ఎక్కండి, దిగడం మాత్రం బస్సులో. దిగేటప్పుడే తొడ కండరం సాగుతూ బరువును ఆపాలి, మీకు పోటు వచ్చేదీ అప్పుడే.

మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపలేకపోయినా, ఆడిన కొన్ని గంటల్లోనే బాగా ఉబ్బినా, నడుస్తుంటే ఒక్కసారిగా మడతపడినా, ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా వ్యాయామాలు ఆపి వెంటనే ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జ్వరం, పిక్క వాపు అయితే ఆ రోజే.

ఆరు నెలలు ఇదంతా నిజాయితీగా చేశాక కూడా మెట్లు దిగడమే కష్టంగా ఉంటే, డాక్టరుగారిని ఒక విషయం ప్రత్యేకంగా అడగండి. నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా కాలు మొత్తం ఎక్స్‌రే తీయించి, కాలు ఎంత దొడ్డిగా వంగిందో కొలిపించండి. అరుగుదల లోపలివైపుకే పరిమితమై, బయటి గుజ్జు బాగుంటే, ఎముకను కోసి కాలి వంపు సరిచేసే హై టిబియల్ ఆస్టియోటమీ మీ వయసువాళ్ళకి ఒక దారి. మోకాలు మార్చే ఆపరేషన్‌కన్నా ముందు ఆలోచించాల్సింది అది. మళ్ళీ కీహోల్ చేసి ‘శుభ్రం చేద్దాం’ అంటే మాత్రం, ఇరుక్కుపోయే లక్షణం లేకపోతే, వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోండి.